నాన్న మానేసిన సంగతి

ఇంగ్లిష్ క్లాసులో నేను తొందరగా దాటేసే మాట ఒకటుంది. కోల్డ్ టర్కీ. జాతీయాల పట్టికలో ఎక్కడో మధ్యలో ఉంటుంది. చూడగానే పిల్లలు నవ్వుతారు, చల్లటి టర్కీ కోడి ఏమిటి మేడమ్ అని. ఆ కోడికీ ఈ అర్థానికీ సంబంధం ఏమిటో ఎవరూ గట్టిగా తేల్చలేదు, నన్నడక్కండి అంటాను. ఒక అలవాటును కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రాకుండా, ఒక్కసారిగా, ఆ పూట నుంచే పూర్తిగా మానేయడం అని అర్థం. సిగరెట్టు, మందు, మత్తుపదార్థాలు, ఇలాంటివాటికి వాడతారు. పొద్దున నడక మానేసినవాడికి వాడరు, వాడిది బద్ధకం. ఇప్పటివాళ్ళు ఫోనుకు కూడా వాడుతున్నారు, వాడుకోనీ. ఇంతవరకూ చెప్పి తర్వాతి మాటకు వెళ్ళిపోతాను. వాక్యంలో పెట్టి చూపించమని ఎవరైనా అడిగితే మాత్రం విసుక్కుంటాను. పాపం, ఆ విసుగు ఆ పిల్లల మీద కాదు.

మేము భిలాయిలో సెక్టర్ 7లో, ప్లాంటు వాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. నేను, అమ్మ, నాన్న. నాన్నది శ్రీకాకుళం వైపు పల్లె. ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పని. బొగ్గును మాడ్చే ఆ పొయ్యిల కప్పు మీద నిలబడి చేసే పని కాబట్టి దళసరి అడుగున్న బూట్లు వేసుకోవాలి, ముఖానికి గుడ్డ చుట్టుకోవాలి. షిఫ్టు దిగాక మందెందుకు తాగుతారంటే అక్కడివాళ్ళంతా ఒకటే కారణం చెప్పేవారు. గొంతులో దుమ్ము దిగాలంటే చుక్క పడాలట. మా నాన్న గొంతులో మాత్రం ప్లాంటు దుమ్మంతా చేరినట్టుండేది.

తాగితే చెయ్యి చేసుకునేవాడు. ఎక్కువగా అమ్మ మీద, అడ్డమొస్తే నా మీద. కూర బాగోలేదని కొట్టేవాడు, ఎందుకు మాట్లాడవని కొట్టేవాడు, మాట్లాడితే ఎదురు చెబుతున్నావని కొట్టేవాడు. గేటు దగ్గర సైకిలు స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ సాయంత్రం ఎలా ఉండబోతోందో నాకు తెలిసిపోయేది. స్టాండు ఒక్క తాపుకి పడితే పర్వాలేదు. రెండు మూడుసార్లు తన్నవలసి వస్తే నేను పుస్తకాలు తీసుకుని పక్క క్వార్టర్లోని దీదీ వాళ్ళింటికి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ ఏమీ అడిగేది కాదు, ఒక పీట వేసేది.

కానీ ఏటా కార్తీకంలో నాన్న అయ్యప్ప మాల వేసుకునేవాడు. మా సెక్టరులో మా వైపు వాళ్ళు పదిహేను మంది దాకా వేసుకునేవారు. వాళ్ళందరికీ పెద్ద, మాల వేసేవాడూ తీసేవాడూ, మా వీధి చివర ఉండే గురుస్వామి. నల్లబట్టలు, తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, నేల మీద చాప, కాళ్ళకు చెప్పులుండకూడదు. పొయ్యిల మీద బూట్లు లేకుండా ఎలాగూ కుదరదు కాబట్టి నాన్న ప్లాంటు గేటు దాకా వట్టికాళ్ళతో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, లోపల బూట్లేసుకుని, షిఫ్టు దిగగానే మళ్ళీ విప్పేసి వట్టికాళ్ళతో వచ్చేవాడు. మందు మాల వేసుకున్న పూటే ఆగిపోయేది. నిన్నటిదాకా సీసా, ఇవాళ్టి నుంచి చుక్క లేదు. మొదటి నాలుగైదు రోజులూ చేతులు వణికేవి, గ్లాసు పట్టుకుంటే పళ్ళకు తగిలి టకటకమనేది. చెమటలు పట్టేవి. "చలి" అనేవాడు. అమ్మ మిరియాల చారు కాచి ఇచ్చేది.

ఆరో రోజు నుంచి మా ఇంట్లో వేరే మనిషి ఉండేవాడు. మాలలో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళందరినీ మాతా అనే పిలవాలి. ఏడాది పొడుగునా "ఒసే" అని పిలిచే అమ్మని నలభై ఒక్క రోజులు "మాతా" అనేవాడు. అమ్మ మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకునేది. నన్ను కూడా పిలిచేవాడు. "మాతా, ఇయ్యాల బళ్ళో ఏటి సెప్పినారు?" నేను చెప్పేదాన్ని. అన్నం ముందు కూర్చుని ఆయన వినేవాడు, తింటూ నవ్వేవాడు. నవ్వితే పైపన్ను ఒకటి వంకరగా కనిపించేది. ఆ పన్ను సంగతి మాకు ఆ నలభై రోజుల్లోనే గుర్తొచ్చేది.

తర్వాత కొండకు వెళ్ళి రావడం, గురుస్వామి ఇంట్లో మాల తీయడం. ప్రసాదం డబ్బా గూట్లో పెట్టి, స్నానం చేసి, మామూలు లుంగీ కట్టుకుని నాన్న సైకిలు తీసేవాడు. ఎక్కడికని అమ్మ ఏ ఏడూ అడగలేదు.

నేను బి.ఎ. మొదటి ఏడాదిలో ఉండగా మా ఇంగ్లిష్ మేడమ్ ఈ మాట చెప్పింది. బెంగాలీ ఆవిడ, చాలా నెమ్మది మనిషి. అర్థం చెప్పి తలా ఒక వాక్యం రాయమంది. నాకు క్షణం కూడా ఆలోచించక్కర్లేకపోయింది. మా నాన్న ఏటా నవంబరులో కోల్డ్ టర్కీ మానేస్తారు అని రాశాను, ఇంగ్లిష్‌లో, తప్పుల్లేకుండా. ఆవిడ చదివి ఎర్ర సిరాతో గీత గీసింది. వ్యాకరణం తప్పు లేదమ్మా, కానీ ఏటా అని వస్తే ఈ మాట నిలవదు అంది. మళ్ళీ మొదలుపెడతానని తెలిసి ఆపేదాన్ని విరామం అంటారు, మానేయడం అనరు అంది. ఆవిడకు మా ఇల్లు తెలియదు. కోపగించుకోవలసిన పని లేదు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది, ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం.

ఆ ఏడాది దసరాల్లో నాన్న కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు లివరు సగం పోయిందన్నాడు. ఇంకో ఏడాది ఇలాగే తాగితే తను చేయగలిగేదేమీ లేదని హిందీలో, నా మొహంలోకి చూస్తూ చెప్పాడు. అమ్మకి తెలుగులో నేను చెప్పాను. నాన్న అక్కడే బల్ల మీద కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "కార్తీకం రానీ, మాలేసీసుకుంటాను. ఈపాలి తీసినాక కూడా ముట్టను" అన్నాడు. ఆ మాట అంతకుముందు ఏ ఏడూ అనలేదు. అమ్మ నమ్మింది. నాకు నమ్మాలనిపించింది.

మాల వేసుకున్న ఇరవై రెండో రోజు మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. స్వాములకి భోజనాలు పెట్టే ఇంట్లో కూరలు తరగడానికి అమ్మ వెళ్ళింది. "బేటీ, తార్ ఆయా హై" అని పోస్టుమేన్ కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. ఊరి నుంచి చిన్నాన్న ఇచ్చింది. నాయనమ్మకు జబ్బు బాగా ముదిరింది, వెంటనే బయల్దేరమని.

మాలలో ఉన్నవాడికి దగ్గర రక్తసంబంధంలో చావు జరిగితే మాల తీసేయాలి. ఏడాది దాకా మళ్ళీ వేసుకోకూడదు. ఈ సంగతి మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను గుమ్మంలో నిలబడి లెక్క వేసుకున్నాను. నాన్న ఊరు వెళతాడు. నాయనమ్మ పోతుంది. మాల తీసేస్తారు. అక్కడ చుట్టాలు, దుఃఖం, సారా. మళ్ళీ కార్తీకం వచ్చినా మాల లేదు. డాక్టరు ఇచ్చిన గడువు కూడా ఏడాదే. ఇంత తెలివిగా లెక్క వేసినదాన్ని ఒక్క చిన్న సంగతి ఆలోచించలేదు. జబ్బు చేసిన తల్లిని చూడ్డానికి మాలతోనే వెళ్ళవచ్చు. చూసి తిరిగి రావచ్చు కూడా. అది నాకు తట్టలేదనే ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. అంతకుముందు ఏడు చలికాలంలో ఇలాంటి టెలిగ్రామే వచ్చింది. నాన్న పడుతూ లేస్తూ వెళితే నాయనమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోందట. ఈసారీ అంతే అయ్యుంటుందనుకున్నాను. టెలిగ్రాం మడిచి నా రేకు పెట్టెలో, అడుగున పరిచిన వార్తాపత్రిక కింద పెట్టాను. ఇంకో టెలిగ్రాం వస్తే అప్పుడు చూద్దామనుకున్నాను. ఇంకోటి రాలేదు. రాని కొడుక్కి రెండోసారి డబ్బులు తగలేయడం ఎందుకని చిన్నాన్నకి కోపం వచ్చిందట.

ఆ రోజుల్లో నాన్న ఎంత బాగున్నాడో చెబితే నమ్మరు. పచ్చదనం కళ్ళలోంచి పోయింది. డ్యూటీ నుంచి వచ్చి పెరట్లో అమ్మకి గుడ్డలు ఆరవేసి పెట్టాడు. దాన్ని చూసి పక్కింటి దీదీ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. టెలిగ్రాం వచ్చిన ఐదో రోజు అనుకుంటాను, అన్నం తింటూ, "కొండ నుంచొచ్చినాక మా అమ్మని ఈడికి తెచ్చీద్దుం" అన్నాడు. "తాగని దినాల్లో నన్ను సూసి ఎన్నేళ్ళయినాదో దానికి." అమ్మ అలాగే అంది. నేను మజ్జిగ పోశాను. అప్పటికి నాయనమ్మ పోయి ఒక రోజయింది. నాకు తెలియదు. తెలియదు అన్నది నాకు పెద్దగా పనికొచ్చే మాట కాదు, కానీ నిజంగానే తెలియదు.

పదో రోజు ఆదివారం. ఆ పూట మా ఇంట్లో ఐదుగురు స్వాములకి భోజనం. అమ్మ పొయ్యి దగ్గర ఉంది, నాన్న వరండా కడుగుతున్నాడు. మాకు పెదనాన్న ఒకాయన ఉండేవాడు, మా ఊరివాడే, రోలింగ్ మిల్లులో చేసేవాడు, నాన్నకి వరసకి అన్న అవుతాడు. సెలవు మీద ఊరు వెళ్ళి ఆ ఉదయమే దుర్గ్‌లో రైలు దిగాడు. ఇంటికైనా వెళ్ళకుండా సంచితో మా గేటు తీసుకుని వచ్చాడు. నాన్నని చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఇదేటిరా? అమ్మ పోయి ఆరు దినాలైనాది. నువ్వింకా నల్లబట్టలేసుకుని ఉన్నావేటి?"

నాన్న చేతిలో చీపురు పట్టుకుని, "ఎవులమ్మ?" అన్నాడు.

"ఎవులమ్మేటి? నీ అమ్మే. టెలిగ్రాం ఇచ్చినాం గదా. నాలుగు దినాలు నీ కోసరమే సూసినాది ముసిల్ది. గుమ్మంలో అడుగు సప్పుడైతే సాలు, పెద్దోడొచ్చినాడేటి అని అడిగీది. సివరాకరికి సిన్నోడు కొరివెట్టినాడు."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ గరిటెతో బయటికి వచ్చి, "నాకేటి తెల్దు, నాకేటి తెల్దు" అంది. అప్పుడు నేను లోపలికి వెళ్ళి పెట్టె తీశాను. ఆ గదిలోంచి వరండాకి ఆరేడు అడుగులు. తెచ్చి ఇచ్చాను. నాన్నకి ఇంగ్లిష్ రాదు. కాగితం అటూ ఇటూ తిప్పి, "సదువు" అన్నాడు. చదివాను. తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. ఏ తారీకు అన్నాడు. చెప్పాను. మళ్ళీ అడిగాడు, ఏ తారీకు. మళ్ళీ చెప్పాను. కొడతాడని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

గురుస్వామి వచ్చి మాల తీశాడు. నాన్న తల మీద నుంచి చన్నీళ్ళు పోసుకుని, పాత ప్యాంటు వేసుకుని, దుర్గ్ వెళ్ళి దొరికిన రైలు ఎక్కాడు. చేసిన వంట చేసినట్టే ఉండిపోయింది. అమ్మ నన్ను ఒక్కటే అడిగింది, "ఎందుకే?" అని. చెప్పాను. ఆవిడ ఏడ్చింది, తిట్టలేదు. ఆవిడకి అర్థమైందని నాకు తెలుసు, అదే ఆవిడని మరీ బాధ పెట్టింది.

పన్నెండో రోజు అయ్యాక నాన్న గుండుతో తిరిగి వచ్చాడు. ఆ సాయంత్రం సైకిలు తీస్తాడని అమ్మా నేనూ ఎదురు చూశాం. తీయలేదు. మర్నాడు డ్యూటీకి వెళ్ళి నేరుగా ఇంటికి వచ్చాడు. జీతాల రోజు వచ్చింది, పోయింది. హోలీ వచ్చింది. భిలాయిలో హోలీ రోజు తాగని మగవాణ్ణి వెతికి పట్టుకోవాలి. నాన్న తలుపు గడియ పెట్టుకుని పడుకున్నాడు. నల్లబట్టలు లేవు, గురుస్వామి లేడు, నలభై ఒక్క రోజుల లెక్క లేదు. మళ్ళీ చచ్చేదాకా చుక్క ముట్టలేదు. మా మేడమ్ చెప్పిన అర్థానికి అచ్చంగా సరిపోయేలా మానేశాడు. తల్లి చావుతో మనిషి మారాడని వీధిలో అందరూ మెచ్చుకున్నారు.

మందుతో పాటు ఆయన మానేసింది ఇంకొకటుంది. నన్ను. అదీ ఒక్క పూటలోనే. తగ్గించుకుంటూ రావడం, ఒక రోజు మాట్లాడి ఒక రోజు మానడం లేదు. నాతో ఏదైనా చెప్పాలంటే అమ్మతో, "దానికి సెప్పు, కరెంటు బిల్లు కట్టీమని" అనేవాడు, నేను ఎదురుగా ఉండగానే. నేను మంచినీళ్ళు తెస్తే చేతిలోంచి తీసుకునేవాడు కాదు. స్టూలు మీద పెడితే కాసేపయ్యాక తాగేవాడు. తప్పయిపోయింది నాన్నా అని మూడుసార్లు చెప్పాను. ఒకసారి కాళ్ళు కూడా పట్టుకున్నాను. కాళ్ళు నెమ్మదిగా వెనక్కి తీసుకుని, కోపంగా కూడా కాదు, పెరట్లోకి వెళ్ళిపోయాడు. కోపగించుకుంటే నేను ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని.

రెండున్నరేళ్ళు అలా గడిచాయి. మానేశాడు కాబట్టే ఇన్నాళ్ళు ఉన్నాడని డాక్టరు అమ్మకి చెప్పమని నాకు చెప్పాడు. నేనే చెప్పాను. నేను ఆయన కోసం దొంగతనంగా సంపాదించిన ఆ రెండున్నరేళ్ళూ ఆయన నా మొహం చూడకుండా బతికాడు. నేను డిగ్రీ పూర్తి చేశాను. ఇంగ్లిష్‌లో ఫస్టు వచ్చింది. ఆ సంగతి కూడా అమ్మే ఆయనకి చెప్పింది.

చివరిసారి ఆసుపత్రిలో చేర్చినప్పుడు పొట్టలోంచి నీళ్ళు తీసేవారు. మనిషి ఎండిపోయాడు. పగళ్ళు అమ్మ, సాయంత్రాలు నేను. ఒక మధ్యాహ్నం అమ్మ అన్నం వండి తేవడానికి ఇంటికి వెళ్ళింది. నేను ముందుగానే వచ్చి మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఆయన నిద్రపోతున్నాడనుకున్నాను.

"ఒకటడుగుతాను" అన్నాడు.

గదిలో ఇంకో రోగి ఉన్నాడు, అతనితో అనుకున్నాను. కానీ కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"ఆ పది దినాలూ నీ ఎదురుగానే కూకుని అన్నం తిన్నాను గదా. ఒక్క పూటైనా సెప్పీయాలని అనిపించలేదేటి నీకు?"

దీనికి జవాబు నా దగ్గర రెండున్నరేళ్ళుగా సిద్ధంగా ఉంది. డాక్టరు గడువు, మాల నియమం, ఏడాది లెక్క, నీ ప్రాణం కోసమే నాన్నా. అన్నీ నిజాలే. మనసులో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నోరు తెరిచేసరికి అవేవీ రాలేదు.

"ప్రతి పూటా అనిపించింది నాన్నా" అన్నాను. "ఆ దినాల్లో నువ్వంటే నాకు బయిం లేదు. చెప్తే మళ్ళీ బయిమొస్తాదని చెప్పలేదు."

పక్క మంచం అతను దగ్గాడు.

"మిగతా దినాలన్నీ బయివేనేటి?"

అబద్ధం చెప్పవలసింది. అప్పటికి నాకు అబద్ధాల మీద నమ్మకం పోయింది. తల ఊపాను.

ఆయన నా మీంచి చూపు తీసి తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నాకెవులూ సెప్పలేదు" అన్నాడు.